మరియకు పడే అన్నం

హలో… ఆ, నేనే అన్నా, రావిర్యాల భాగ్యను. పొద్దుగాల మీ హోటల్‌కు ఫోన్ చేసింది నేనే.

… అవ్, ఆదివారానికే. చర్చి అయినంక ఇబ్రహీంపట్నం వస్తం. నలుగురం… కాదు కాదు, ముగ్గురం. నోటికి నలుగురనే వస్తది.

… మా బిడ్డకు నౌకరైంది, మరియకు. మొదటి జీతంతోని మాకు హోటల్ల తినిపిస్తదట. ఇంట్లనే వండుత బిడ్డా అంటే ఇంటలేదు.

… శ్రీశైలమన్నా, ఏసీ రూము సంగతి తర్వాత. ముందుగాల నా మాట ఇను. ఆ పిల్లకు గోధుమ పడది. మైదా పడది, రవ్వ పడది. గోధుమ అలర్జీ అంటడు డాక్టరు.

… కడుపునొప్పి కాదన్నా! గొంతు ఉబ్బుతది. ఊపిరాడది.

… నవ్వకు. తుర్కయాంజాల్ల ఒక హోటలాయన గిట్లనే నవ్విండు. జరంత తింటే ఏం కాదు లే అక్కా అన్నడు. ఫోన్ పెట్టేసిన.

… ఆ, గట్ల చెప్పు. రొట్టెలు వేరే కాడ చేస్తరా? … పప్పుల ఇంగువ ఏస్తరా? … ఎందుకంటే, ఇంగువల గోధుమపిండి కలుపుతరు. డబ్బ మీద చూడు, రాసుంటది. … ఉన్నదా? అయితే పప్పు వద్దు.

… చికెన్ ఫ్రై? గదే నూనెల సమోసలు గోలిస్తరా? … అదీ వద్దు.

… బిర్యానీయా.

… లేదు, ఇంటున్న. చెప్పు.

… అన్నమే కదా, ఏం భయమంటవ్. నాకెరుకే. కానీ ఆ పేరు ఇంటేనే వాడు యాదికొస్తడన్నా. మా పెద్దోడు కిరణ్… వానికీ ఇదే బాధ. నాలుగేండ్లయింది పోయి. మా ఆడిబిడ్డ కొడుకు పెండ్లిల బిర్యానీ తిన్నడు. దవాఖానకు తీస్కపోయేదాంక కూడ ఆగలే.

… అదే కదా! బిర్యానీల గోధుమ ఎక్కడిది? అందరు అదే అడిగిన్రు. పక్క టేబుల్ మీద రుమాల్ రోటీలుండె. దొంగతనంగ తిన్నడన్నరు. వాళ్ళ నాయిన ఇయ్యాల్టికీ గదే అంటడు. నోరు కట్టుకోలేక సచ్చిండంటడు. వాని ఫోటో దిక్కు సూడడు.

… వాడు తినలేదన్నా! ఆటోల నా ఒళ్ళె పండి కూడ అదే చెప్పిండు. బిర్యానీ తప్ప ఏం ముట్టలే అమ్మా, నాయినకు చెప్పు అన్నడు. చెప్పిన. ఆయన ఇనలే. అన్నం వంచేటప్పుడు, పళ్ళేలు పెట్టేటప్పుడు, ఆ గొంతే ఇనబడ్తది నాకు. ఎన్కకు మళ్ళి చూస్త. ఎవ్వలుండరు.

… సరే, నువ్వు చెప్పు. బియ్యం, మాంసం, పెరుగు, మసాల. అంతేనా? దమ్ముకు ఎట్ల పెడ్తరు?

… మూతకు?

… ఏం పిండి?

… ఒక్క నిమిషం. మళ్ళ చెప్పన్నా. మెల్లగ చెప్పు.

… ఆవిరి పోకుండ మూత చుట్టూ గోధుమపిండి మెత్తుతరు. … ఎండి గట్టిపడ్తది. గరిటెతోని కొట్టి తీస్తరు. … ఆ పెచ్చులు అన్నంల పడ్తయా? … కనబడ్డకాడికి ఏరేస్తరు.

… పెండ్లిళ్ళల్ల కూడ గట్లనేనా?

… నాకేం ఎరుకన్నా. ఇంట్ల కుక్కర్లనే చేస్త. పెద్ద దేగ్చా గిన్నెలల్ల వంటోళ్ళు చేసుడే కదా, మనం కూసొని తినుడే.

…

… ఉన్న. గా పిండి పెచ్చే పడ్డదన్నా మా వాని పళ్ళెంల.

… ఏడుస్తలే. … మరియకు వేరే గిన్నెలనా? పిండి లేకుండ, తడిబట్ట చుట్టి చేస్తవా? సల్లగుండన్నా. నేను ముందుగాలనే వచ్చి పొయ్యి కాడ నిలబడ్త, ఏమనుకోకు.

… ఏయ్, పెట్టెయ్యకు! నీకు దండం పెడ్త, ఒక్క పని చెయ్. ఇప్పుడు చెప్పినవ్ చూడు, మూత సంగతి, పిండి సంగతి… అదే ఇంకొక్కసారి చెప్పు. నాకు కాదు.

ఏమయ్యా! ఓ కిరణ్ నాయినా, జర ఇటు రా.

… హోటలాయన. … కాదు, పైసల ముచ్చట కాదు. నీ కొడుకు దొంగతనంగ తినలేదు. ఇగో, పట్టు ఫోను. ఇను.