బాపు అంబాసిడర్ కింద బెల్టు ముక్క

హలో… ఆ, నేనే, ఎల్లేశంను. షెడ్డుల్నే ఉన్న. చెప్పు వీరేందర్.

…రంగా? రంగు దాకా ఎక్కడొచ్చింది. మీ బాపు అంబాసిడర్ను పైకి లేపి కింద చూసిన. పొద్దట్నుంచి బువ్వ తినబుద్దైతలేదు నాకు.

—తుప్పు కాదు తమ్మీ. తుప్పుకు నేను అసయ్యపడుతనా, పుట్టినకాంచి అదే గీకుతున్న. డోర్ల కింది రేకు… బండి బరువంత మోసేది… అది లేనే లేదు. దాని జాగల ఏమున్నదో ఎరికేనా? బొగ్గు మోసే బెల్టు ముక్క. బొగ్గు గని బాయికాడ పారేసిన రబ్బరు బెల్టు. దానికి క్లిప్పులు కొట్టి, పైన మందంగ లప్పం పూసి, నల్ల పెయింటు. ఛీ. లోపట తడి పట్టి, ఎలుక సచ్చి… చెయ్యి కడిగినా వాసన పోతలేదు.

ఎవడు చేసిండో గానీ వాని చేతులు—

…ఏందీ?

…నువ్వా?

మల్ల చెప్పు. …బాయిల నీ డ్యూటీల బెల్టు తెగితె జోడిస్తరు సూడు, అట్లనే జోడించినవ్. …ఓహో. టన్నులు మోసే బెల్టు నలుగురు మనుషుల్ని మొయ్యదా అంటవ్. అరే, బెల్టు కింద రోలర్లు ఉంటయ్ కదరా. దీని కింద ఏమున్నది? రోడ్డు.

…ఊ. …ఊ. అట్లనే ఉంచి పైన రంగెయ్యాలె. నువ్వైతె దీంట్ల తిరుగవ్, అమ్ముతున్నవ్ కదా. ఎవలకు?

…సంతోషికా?

థూ.

—లేదు, నీ మీదనే ఊంచిన. సొంత చెల్లెకారా? …బాపు బండి అని ముచ్చటపడి తీస్కుంటాంది. పిల్లలిద్దర్ని ఎన్కల కూసోబెట్టుకొని, నస్పూర్ రోడ్డు మీద, బొగ్గు లారీల నడుమ… ఏదన్న గుంతల పడి కింద ఊడితె?

…బావకు తెల్వదు. ఆమెకు తెల్వదు. నాకు తెల్సు కదా.

…వేరే షెడ్డుకా? తీస్కపో. ఎట్ల తీస్కపోతవ్, బెల్టు పీకేసిన. బండి నడుముకాడ జారింది, తీసిన డోరు మల్ల పడుతలేదు.

…చేస్త. కొత్త రేకు మలిచి వెల్డింగ్ పెడ్త, అది నా పని. గానీ ముందుగాల ఆమె వచ్చి చూడాలె.

…నాకెందుకా? మొన్న రాఖీకి నీకు కట్టినంక నాకూ కట్టింది. గందుకు.

నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?

…నీతోని కాదంటవా?

సరె. ఫోను పెట్టు. నేను ఆమెకు చెయ్యాలె.