తెపోరా అక్క కింద పెట్టిన బంతి

ముందు ఆ బూట్లు బల్ల మీంచి తియ్యవే అమీరియా. తిండి తినే బల్ల మీద కాళ్ళకి తొడుక్కునేవి పెడతారటే? కొత్తవైతే మాత్రం? తొడుక్కునేవి పాత కాళ్ళేగా. ఆఁ, అలా కింద పెట్టు. తెపోరా అక్క ఉండుంటే తడిగుడ్డ తీసుకుని వీపు మీద ఒక్కటిచ్చేది. ఎవరా? బావుందమ్మా. తెపోరా ఎవరో తెలీకుండానే ప్రావిన్స్ రగ్బీ జట్టులోకి ఎంపికయ్యావన్నమాట. మీ కోచ్ చెప్పలేదా? ఆవిడకి మాత్రం ఏం తెలుస్తుందిలే, నిన్నగాక మొన్న వచ్చింది ఈ తీరానికి. కూర్చో. ఆ చిలగడదుంపల బుట్ట ఇటివ్వు, చెక్కు తీస్తూ చెప్తాను. ఖాళీ చేతులతో కబుర్లు చెప్పడం నాకు చేతకాదు.

తెపోరా అంటే మా పెదనాన్న కూతురు, నాకు అక్క. నీకు నాయనమ్మ వరస. నువ్వు పుట్టకముందే గుండెజబ్బుతో పోయింది. మనిషి ఎలా ఉండేదంటే, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు వచ్చేది కాదు. గొర్రెల షెడ్లలో పని. మగాళ్ళు బొచ్చు కత్తిరించి పడేస్తుంటే, ఆ ఉన్నిమొత్తం చేతుల నిండా ఎత్తి, దుప్పటి దులిపి పరిచినట్టు బల్లమీద ఒక్క విసురున పరిచేది. ముడతుండేది కాదు. నలభై దాటాక ఆవిడకి రగ్బీ మీదికి పోయింది బుద్ధి. అప్పుడే కొత్తగా ఆడవాళ్ళకి ప్రావిన్సుల పోటీ పెట్టారు. మన ఒకారే తీరానికి కూడా ఒక జట్టు ఉండాలని పట్టుబట్టింది ఈవిడే. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగేసింది. నేనూరుకోలేక అన్నాను, మనవల్నెత్తుకునే వయసులో నీకిదేం పోయేకాలమే అక్కా అని. "మనవల్నెత్తాలన్నా బలం కావాలిరా రావిరీ. నోరు మూసుకుని బస్సు తుడువు," అంది. బస్సంటే బడి బస్సు. దాని డ్రైవర్ని నేను. ఎవరన్నా నన్ను అడిగారా? అడగలేదు. శనివారం పొద్దున్నే వచ్చి ఎక్కి కూర్చున్నారంతే.

ఆ సీజన్ గురించి ఏం చెప్పమంటావులే. మొదటి మ్యాచ్‌కి పెద్ద ఊరికి వెళ్ళాం. కొండదారిలో సగంమంది వాంతులు. అక్కడి జట్టు పిల్లలు అంతా ఒకటే రంగు కోట్లు, ఒకటే రకం సంచులు. మనవాళ్ళకి చొక్కాలు మగాళ్ళ రెండో జట్టువి, మోకాళ్ళ దాకా. మన పిల్లల్లో ఒకతి చంటిబిడ్డ తల్లి. సగం ఆటకి విరామం ఇవ్వగానే పరుగెత్తుకొచ్చి బిడ్డకి పాలిచ్చి, మళ్ళీ నా చేతిలో పెట్టి వెళ్ళేది. ఆ ఏడు నేను చూసిన రగ్బీ అంతా ఆ బిడ్డ నెత్తి మీంచి చూసిందే. చిత్తుగా ఓడిపోయాం. ఎంత తేడానో చెప్పను, నీకు నవ్వొస్తుంది. అదిగో, చెప్పకుండానే నవ్వుతున్నావు. తర్వాతదీ ఓడిపోయాం, ఆ తర్వాతదీ. కానీ చూడూ, ఓడిన కొద్దీ తేడా తగ్గుతూ వచ్చింది. ఇక స్క్రమ్ అంటావా, తలలు దూర్చి తోసుకునే చోట, తెపోరా అక్క ముందు వరసలో ఉంటే ఎంత పెద్ద ఊరి జట్టైనా వెనక్కి నడవాల్సిందే. షెడ్డులో మొండి పొట్టేళ్ళని తోసి తోసి అలవాటు.

అప్పట్లో మన తీరం రగ్బీ యూనియన్‌కి బంటింగ్ గారని అధ్యక్షుడుండేవాడు. తెల్లాయన, గొర్రెల ఆసామి, చెడ్డవాడు కాడు పాపం. సీజన్ మధ్యలో ఆయనొచ్చి చెప్పాడు, చూడమ్మా తెపోరా, కమిటీలో గొణుగుతున్నారు, ఒక్క మ్యాచ్ గెలవండి, వచ్చే ఏడు కూడా జట్టుంటుంది, గెలవకపోతే నేను వాళ్ళని ఆపలేను అని. ఒక్కటంటే ఒక్కటి. అక్క సరేనంది. ఆ రోజునుంచి ఆవిడకి అదే ధ్యాస. పని నుంచొచ్చి చీకటి పడేదాకా ఆ పిల్లల్ని మైదానంలో తోమేసేది. "నేనింకో ఏడు ఆడితే గొప్ప. నా కోసం కాదురా, ఈ పిల్లలకి ఇది పోతే మళ్ళీ ఎవరిస్తారు?" అనేది నాతో. అలా అలా చివరి మ్యాచ్ దాకా వచ్చాం. ఒక్కటీ గెలవలేదు. ఆ చివరిది మన ఊళ్ళోనే, ఇదిగో ఊరందరూ కూడే పెద్దిల్లున్న ఈ మరాయే పక్క మైదానంలోనే. సముద్రం అవతలి దక్షిణ దీవి వాళ్ళు వస్తున్నారు. వాళ్ళూ అంత గొప్పగా లేరు ఆ ఏడు. గెలుస్తాం అనిపించింది, నాక్కూడా.

గురువారం మా పెద్దమ్మ పోయింది. అదేనే, తెపోరా వాళ్ళమ్మ. నిద్దట్లో పోయింది, మహాతల్లి. ఇంక తెలుసుగా. పెద్దింటి అరుగు మీద పడుకోబెట్టాం. ఆదివారం మట్టి. అప్పటిదాకా శవాన్ని ఒంటరిగా వదిలేది లేదు, కూతురు పక్కనించి కదిలేది లేదు. తెపోరా అక్క నల్లబట్టలు కట్టుకుని, తలకి ఆకుల దండ చుట్టుకుని, తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. జట్టులో సగంమంది పెద్దమ్మ మనవరాళ్ళే, వంటింట్లో అంట్లు తోముతున్నారు. మ్యాచ్ మాటెత్తే ధైర్యం ఎవరికుంది? పంది ఎముకలు, ఆకుకూరా వేసి పులుసు పెద్ద గుండిగలో ఉడుకుతుంటే నేను గరిటె తిప్పుతూ అక్కని చూస్తున్నాను. ఆవిడ తల్లిని చూస్తోంది. మధ్యమధ్యలో మైదానం వైపు చూస్తోంది. చూసి మళ్ళీ తల దించుకుంటోంది.

శనివారం పొద్దున దక్షిణం జట్టు దిగింది. మొదట మైదానానికి పోలేదు వాళ్ళు, వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. పాపం ఎవరో చెప్పారు వాళ్ళకి. మెరెయానా అత్త అరుగు మీంచి, వచ్చినవాళ్ళని లోపలికి రమ్మనే పిలుపందుకుంది. ఆ గొంతు నువ్వు వినలేదులే. ఆ పిలుపు లేచిందంటే ఎవరైనా ఉన్నచోటే ఆగి తల వంచాల్సిందే, చెట్టు మీద పిట్ట కూడా కూతాపేది. లోపలికొచ్చారు, మాట్లాడారు, పాట పాడమంటే అందరికీ వచ్చింది ఒక్కటే పాట, చంటిపిల్లల పాట, అదే పాడారు. మావాళ్ళు నవ్వాపుకుంటూ ఏడ్చారు. ముక్కులానించి పలకరించుకున్నాక తిండికి కూర్చున్నారు. అప్పుడు రిఫరీ నా దగ్గరకొచ్చి మెల్లిగా చెప్పాడు, ఆట టైముకి మొదలుపెట్టాల్సిందే, ముందు వరసలో ఆడే అలవాటున్న మనిషి లేకపోతే మీరు ఓడినట్టే రాసుకోవాలి అని. మనకి ఆ అలవాటున్న మనిషి ఒకత్తే. ఆవిడేమో తల్లి పక్కన కూర్చునుంది.

నేనెళ్ళి మెరెయానా అత్తతో అన్నాను. తిడుతుందనుకున్నా. శవం పక్కన కూర్చునే ముసలమ్మల్లోకెల్లా పెద్దది, చండశాసనురాలు. ఆవిడ మైదానం వంక చూసింది, పోయిన మా పెద్దమ్మ వంక చూసింది. "తల్లిని వదిలి ఆటకి పోకూడదు. నిజమే. కానీ ఆటే తల్లి ముందుకొస్తోందిగా. ఇక్కణ్ణించి కంచె దాకా ఎంతుందనీ? వెళ్ళవే తెపోరా. మీ అమ్మని నేను చూసుకుంటా," అంది. ఎదురుచూసే బంధువులంతా పొద్దున్నే వచ్చేశారు, మిగిలినవాళ్ళు సాయంత్రం గానీ రారు. మధ్యాహ్నం ఎవరూ రారని లెక్క. అక్క తల మీది ఆకుల దండ తీసి తల్లి గుండె మీద పెట్టి లేచింది.

అబ్బ, ఏం ఆడారే. ఆ రోజు బిడ్డని ఇంకెవరికో ఇచ్చేసి నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. స్క్రమ్ పడ్డప్పుడల్లా వాళ్ళు వెనక్కే. అరుగు మీద ముసలమ్మలు శవం చుట్టూ కూర్చునే, ఒక కన్ను ఇటేసి, ఆ రిఫరీకి కళ్ళు లేవా అని మా పెద్దమ్మకి ఫిర్యాదు చేస్తున్నారు. చివరికొచ్చేసరికి వాళ్ళు రెండు పాయింట్లు ముందున్నారు. రెండే. ఇంక ఒకట్రెండు నిమిషాలుంది. మన పిల్లలు గుంపుగా తోసుకుంటూ తోసుకుంటూ వాళ్ళ గీత దగ్గరకి తీసుకుపోయారు. బంతి అక్క చేతిలో ఉంది. ముందు అడ్డం ఒక్కరూ లేరు. రెండంగలు. గీత దాటి బంతి నేలకానిస్తే చాలు, మ్యాచూ మనదే, జట్టూ మనదే.

అప్పుడు లేచింది మెరెయానా అత్త పిలుపు.

గేటు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు. తెపోరా అక్క ఆగిపోయింది. ఆగి, బంతిని అలా కాళ్ళ దగ్గర నేలమీద పెట్టి, గేటు వైపు తిరిగి తల వంచుకుంది. మన పిల్లలూ ఆగిపోయారు, ఎక్కడివాళ్ళక్కడ. వాళ్ళ కెప్టెన్ కూడా, పొద్దున ఆ పిలుపు మీదే లోపలికొచ్చిందేమో, నిలబడిపోయింది. నేనూ టోపీ తీసేశాను. అలవాటు మరి. అందరం ఆగిపోయాం, ఒక్క పిల్ల తప్ప. వాళ్ళ జట్టులో అటు చివర ఆడే కిర్‌స్టీ అనే పిల్ల, పంతొమ్మిదేళ్ళుంటాయేమో, సముద్రపు గాలికి దానికేం వినపడలేదు. బంతి కనపడింది, ఎత్తుకుంది, పరుగందుకుంది. ఈ గీత నుంచి ఆ గీత దాకా. ఒక్కరు వెంటపడలేదు. బంతి ఆనించి వెనక్కి తిరిగి చూస్తే మైదానమంతా శిలల్లా నిలబడున్నారు. రిఫరీ ఈలేమీ వెయ్యలేదు కదా మధ్యలో. పాయింట్లిచ్చేశాడు. అంతే, అయిపోయింది.

గేటు దగ్గర వచ్చిందెవరంటావు? బంటింగ్ గారూ, ఆయన భార్యా. ముందు పెద్దావిణ్ణి చూసి మొక్కుకుని, ఆ తర్వాత ఆట చూద్దామని టై కట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడు. కాస్త అమర్యాదగా కంచె పక్కనించి వచ్చినా బతికిపోయేవాళ్ళం. ఊళ్ళో ఇప్పటికీ అంటారు, మెరెయానా రెండు నిమిషాలాగి పిలిస్తే ఏం పోయేదని. ఆవిడ మొహం మీదే అడిగేశాడొకడు. "మనుషుల్ని గేటు దగ్గర నిలబెట్టి నేను ఆట చూడనా?" అంది.

ఆ కిర్‌స్టీ పిల్ల, మేం ఎందుకాగామో తెలిసి ఒకటే ఏడుపు, తిండి ముట్టదు. తెపోరా అక్కే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వేపుడు రొట్టె తుంచి నోట్లో పెట్టింది. బంటింగ్ గారికి చెప్పినప్పుడు ఆయన మొహం చూడాలి. కమిటీలో ఆయన మనవైపే మాట్లాడాట్ట. ఒక్కటైనా గెలవాలన్నది మీరేగా అన్నారట మిగతావాళ్ళు. తన మాటే తనకడ్డమొచ్చింది. జట్టు తీసేశారు. మళ్ళీ పెట్టేసరికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి అక్క లేదు.

ఆదివారం మట్టి చేస్తుంటే తెపోరా అక్క ఏడ్చింది చూడూ, అంత పెద్ద మనిషి గోతి పక్కన కూలబడి ఏడ్చింది. ఊరుకో తల్లీ, మీ అమ్మ నిండుగా బతికింది అని అందరూ వీపు నిమిరారు. కొన్నాళ్ళ తర్వాత షెడ్డుకి నా బస్సులోనే వెళ్తున్నాం, ముందు సీట్లో కూర్చుంది. నేను ఊరుకోవచ్చుగా, అడిగాను. రెండంగలేగా అక్కా, వేసేసి ఆగితే మీ అమ్మేమన్నా అనేదా అని. "నేనాగలేదురా. కాళ్ళు ఆగిపోయాయి. నాకు తెలిసేసరికి బంతి కిందుంది," అంది. తర్వాత అంది, "నాకు గెలవాలనుందిరా రావిరీ. ఇప్పటికీ ఉంది. ఆ గోతి దగ్గర నేను ఏడ్చింది సగమే అమ్మకి. అందరూ అమ్మకే అనుకున్నారు. అనుకోనిచ్చాను."

...

వానొచ్చేట్టుంది. తీగ మీద బట్టలున్నాయి, వెళ్ళి తీసుకురా.