నాలుగు గంటల దారి

కోర్టు హాలు పక్కనున్న చిన్న గది. లోపల సాక్ష్యం చెప్పవలసిన చెల్లెలు, ఆమె అన్నయ్య తరఫు లాయరు. తలుపు బయట అన్నయ్య.

“మళ్ళీ మొదట్నించి చెప్పమ్మా. మీ ఊరికీ ఈ ఊరికీ ఎంత దూరం?”

“మూడు వేల కిలోమీటర్లండీ.”

“విమానంలో?”

“నాలుగు గంటలు.”

“గట్టిగా. జడ్జిగారికి కాస్త చెవుడు.”

“నాలుగు గంటలు!... బయటికి వినబడిందంటారా?”

“వినబడితే ఏం? బయటున్నది మీ అన్నయ్యేగా.”

“అందుకేనండీ.”

“భయపడకు. రెండు ముక్కల్లో తేలిపోయే కేసు. ఆ రోజు పొద్దున పదింటికి ఇక్కడ వీధి ఊడ్చే ఆవిణ్ణి కారు గుద్ది చంపేసింది. నడిపింది మీ అన్నయ్యేనంటారు అవతలివాళ్ళు. ఆయనేమో ముందు రోజు రాత్రే స్నేహితుడి సరుకుల విమానంలో, ప్రయాణికుల జాబితాలో పేరైనా లేకుండా, మీ ఇంటికొచ్చేశారు. మీ వంటింట్లో భోంచేస్తుంటే నువ్వే ఫోటో తీశావు. పక్కన క్యాలెండరులో అదే తారీఖు, తలమీద గడియారంలో మూడు. మీ ఊరి టైము మనకంటే మూడు గంటలు ముందు. అంటే ఇక్కడ...”

“పన్నెండు.”

“పదింటికి ఇక్కడ గుద్దినవాడు పన్నెండింటికి అక్కడ ముద్ద కలుపుతాడా? రెక్కలు మొలిచినా కుదరదు!”

“లాయరుగారూ, ఆ గడియారం...”

“ఏం, ఆగిపోయిందా?”

“లేదండీ, బాగానే నడుస్తుంది. అది మా ఊరి టైము కాదు.”

“అంటే?”

“అమ్మ ఉండేది ఈ ఊళ్ళోగా. వేళకి ఫోను చేసి మందు వేసుకోమనకపోతే మరిచిపోతుంది. అందుకని వంటింటి గడియారం అమ్మ టైములోనే పెట్టుకున్నాను. ఇంటిల్లిపాదికీ తెలుసు.”

“మీ అన్నయ్యకి?”

“ఫోటో అంటే మొహం తిప్పుకునే మనిషండీ. ఆ రోజు కుర్చీ దాని కిందికి జరుపుకుని మరీ తియ్యమన్నాడు.”

“అంటే ఆ మూడు... ఇక్కడి మూడు.”

“పదికీ మూడుకీ మధ్య అయిదు గంటలండీ. ప్రయాణం నాలుగే.”

“మెల్లిగా! నోరు అదుపులో పెట్టుకో. ఈ మాట ఇంకెవరికి తెలుసు?”

“ఎందుకండీ?”

“ఎందుకేమిటి! అడిగినదానికే చెప్పు. గడియారం ఎంత చూపించింది? మూడు. అబద్ధమా?”

“కాదు.”

“మరింకేం? నిజమే చెబుతున్నావ్. కోర్టులో మూరెడు ప్రశ్నకి బారెడు జవాబిస్తే, మిగిలింది మెడకి చుట్టుకుంటుంది.”

“ఆ చనిపోయినావిడ కూతురు హాల్లో ముందు వరసలో కూర్చుందండీ. ఇందాకంతా నావైపే చూసింది.”

“ఆ పిల్ల చూపుకే భయపడిపోతే ఎలా? మీ అన్నయ్య కోపం ఎరుగుదువుగా?”

“ఎరుగుదునండీ. నా ఎడం చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు.”

“...ప్రమాణానికి కుడిచెయ్యి లేస్తే చాలులే.”

“చెప్పుల చప్పుడు... తలుపు దగ్గరే ఆగాడండీ.”

“ఆగనీ. ఇప్పుడు నిన్నే పిలుస్తారు. అవతలి లాయరు ఎంత తవ్వినా గడియారం సంగతి ఆయనకెలా తెలుస్తుంది? కలగంటాడా?”

“తెలుసండీ. నిన్న ఆయన ఆఫీసుకి వెళ్ళి నేనే చెప్పొచ్చాను. లాయరుగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను... ఈ గదికి ఇంకో తలుపుందా?”