చరిత్ర గదికి ఒక చొక్కా

తెచ్చాను సార్, తెచ్చాను, చొక్కా ఈ సంచిలోనే ఉంది. ఎక్కడికీ పారిపోదు. ముందు నా మాట వినండి. కొత్తగా వచ్చారు, ఈ భవనంలో మా ఆయన సంగతి మీకు ఎవరు చెబుతారు?

కూర్చోమంటారా? వద్దు బాబూ. కూర్చుంటే ఈ మోకాళ్లు మళ్లీ లేవనివ్వవు.

అసలు ఈ భవనం ఎందుకు కట్టారు? మన రాష్ట్రం ఎలా ఉంటుందో నాలుగు గదుల్లో చూసి పొమ్మని. అంతే కదా? మొదటి గదిలో నేలంతా కొండలూ సముద్రమూ, నీలం గాజుతో నది. నది వంపులో మా ఊరికి చిన్న బల్బు పెట్టారు. మా ఇంట్లో కరెంటు పోయినా ఇక్కడ ఊరు మాత్రం వెలుగుతూ ఉండేది! అది మాడిపోయి చాలా కాలమైందిలెండి. ఎవరూ మార్చలేదు.

మమ్మల్ని మొదట ఎక్కడ పెట్టారో తెలుసా? ఆర్థికం గదిలో! ఓడరేవు బొమ్మకీ ఆనకట్ట బొమ్మకీ మధ్య మా మగ్గం, దాని మీద మా ఆయన. వేల కుటుంబాలకు అన్నం పెడుతున్న పరిశ్రమ అని పైన ఇంత బోర్డు. ఆ బోర్డు కింద కూర్చుంటే ఆయన వీపు దానంతటదే నిటారుగా అయిపోయేది.

తర్వాత పెద్ద ఫ్యాక్టరీ బొమ్మ వచ్చింది, చోటు చాలలేదన్నారు. సంస్కృతి గదిలోకి జరగమన్నారు. జరిగాం. ఒకపక్క డప్పులు, ఇంకోపక్క నాట్యం చేసేవాళ్ల గజ్జెలు. బోర్డు మారింది. అన్నం మాట తీసేసి, కళ అని రాశారు. పోనీలే, మంచి మాటే కదా అనుకున్నాం. మగ్గం మేమే మోసుకున్నాం.

జనం ఆయన్ని చూసి బొమ్మ అనుకునేవాళ్లు సార్! గిల్లి చూసేవాళ్లు. ఒకసారి ఒకావిడ మొహంలో మొహం పెట్టి చూస్తుంటే ఈయన తుమ్మాడు. ఆవిడ పెట్టిన కేకకి గేటు దగ్గర కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. అప్పట్నుంచి ఇక్కడ అందరూ ఆయన్ని 'అసలు మనిషి' అనే పిలుస్తారు.

నవ్వారు! హమ్మయ్య, నవ్వడం వచ్చన్నమాట మీకు.

మరి నా పనేంటో చెప్పలేదు కదూ? విప్పడం. అవును, విప్పడమే. చూడ్డానికి వచ్చేవాళ్లకి మగ్గం మీద దుప్పటి ఎప్పుడూ సగంలోనే ఉండాలని మీ పెద్దసారు రూలు పెట్టాడు. పొద్దంతా ఆయన నేసేవాడు. తలుపులు మూశాక నేనొచ్చి ఆ నేసిందంతా పోగు పోగూ లాగేసి, మళ్లీ కండెలకి చుట్టిపెట్టేదాన్ని. బడిపిల్లలు "తాతా, ఇది ఎప్పుడు అవుతుంది?" అనడిగితే, "మీ పెళ్లిళ్లకి ఇచ్చేస్తాలే" అనేవాడు. పైకి నవ్వేవాడే. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మొన్నామధ్య నాకు జ్వరం వచ్చి మంచం ఎక్కాను. విప్పేవాళ్లు లేరు. ఈయన నేసుకుంటూ పోయాడు. రోజు రోజుకీ దుప్పటి పెరిగింది, పూర్తయింది. పూర్తయిన బట్టని మగ్గం మీద ఉంచుతారా ఎవరైనా? చేతికి అలవాటైన పని సార్ అది. కోసేశాడు. మడత పెట్టాడు. సరిగ్గా ఆ రోజే బయటి దేశం నుంచి పెద్దమనుషులొచ్చారు. చూస్తే మగ్గం ఖాళీ! ఈయన దుప్పటి ఒళ్లో పెట్టుకొని, "ముట్టుకు చూడండి, ముట్టుకు చూడండి" అంటున్నాడట. ఆయన మొహం అంత వెలిగిపోవడం ఎప్పుడూ చూడలేదని కాపలాదారు చెప్పాడు. నేను చూడలేకపోయాను.

ఆ దుప్పటి అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. రూలు తప్పాడని మగ్గాన్ని చరిత్ర గదికి మార్చారు. ఆ గదిలో బతికున్నవాళ్లకి చోటు లేదట. అందుకని ఆయన చోట బొమ్మ! దానికి తొడగడానికే కదా ఆయన చొక్కా తెమ్మన్నారు. దాని ముందున్న బట్టకి జిగురు పూశారు, చెదరకుండా. వచ్చేటప్పుడు చూశాను. ఇక ఆ గది దాటితే ఇంకేముంది సార్? తలుపు మీద 'బయటికి దారి' అని మీరే రాసిపెట్టారు.

ఇంట్లో ఆయన గోడకి ఆనుకొని కూర్చుంటున్నాడు. కాళ్లు మాత్రం మగ్గం తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంటాయి. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోతుంది. నాకు భయంగా ఉంది బాబూ.

చరిత్ర గదిలోనే కూర్చోబెట్టండి! బొమ్మకి ఇచ్చే చోటు మనిషికి ఇవ్వలేరా? జీతం వద్దు. కదలొద్దంటే కదలడు. తుమ్మొస్తే ఆపుకుంటాడు. ఊపిరి కూడా మెల్లగా పీలుస్తాడు, ఎవరికీ తెలీదు. నేను రోజూ వచ్చి విప్పుతాను.

ఏంటీ? పైనుంచి వచ్చిన ఆర్డరా?

అంతేలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు. పొద్దున ఆయనే అన్నాడు, "ఇంకెందుకు వెళ్లడం? నీకు విప్పే పని తప్పింది, సంతోషించు" అని. సంతోషించమన్నాడు సార్ నన్ను!

ఇదిగో చొక్కా. ఉతికి, ఇస్త్రీ చేశాను. ఎడమ చంక కింద అతుకుంది. ఆయనది ఎడమచేతి వాటం, మగ్గం తాడు ఆ చేత్తోనే లాగేవాడు, అక్కడే చిరిగేది ఎప్పుడూ. మీ బొమ్మ కుడిచెయ్యి ఎత్తి కూర్చుంది. ఎడమచెయ్యి ఒళ్లోనే ఉంది. అతుకు ఎవరికీ కనబడదులెండి.