లేని నొప్పితోటి దవఖానకు

"నానమ్మా, తాతకు గుండె పరీక్షలు నువ్వే చేయించినవట కదా, అబద్ధమాడి?"

ఎవలు చెప్పిన్రే? మీ తాతేనా? ఆయన నోట్ల నువ్వుగింజ నానదు. ఆగు, ఆ చిక్కుడుకాయలు ఇటియ్యి, ఈనెలు తీసుకుంట చెప్త.

మొన్న చలికాలం... కాదు కాదు, చలి పోయి జర ఎండ కొడుతున్నది. మీ తాత పొద్దుగాల మన మయూర్ విహార్ పార్కుల తిరిగొచ్చి కుర్చీల కూలవడ్డడు. ఛాయ్ ఇస్తే తాగడు. ఛాతి మీద చెయ్యి, ఒకటే చెమటలు. ఏందయ్యా అంటే గ్యాస్ అంటడు! ఇన్నేండ్ల సంసారం, గ్యాసేదో కాదేదో నాకెరుక లేదా?

ఆయనకు దవఖానంటే భయం బిడ్డా. వాళ్లన్న, మీ పెద్దతాత, గుండె ఆపరేషన్‌కు పోయి మళ్ల రాలే. గప్పటి సంది "నా ఒంటి మీద కత్తి పడొద్దు" అని ఒకటే పట్టు. ఫౌజుల తుపాకి పట్టినోడు, చూడు! బతిమాలిన, తిట్టిన, ఊహూ. నా పాణం ఆగుతలేదు. ఇంకేం జేస్త? గోడకానుకొని కింద కూసున్న. "అయ్యో, నాకే ఛాతిల నొప్పి లేస్తుందయ్యా!" అన్న.

అగో, ఎట్ల లేచిండనుకున్నవ్! చెప్పులు గూడ ఏసుకోలే. "భయ్యా, జల్దీ!" అని ఆటోవాన్ని ఒకటే లొల్లి. ఆయన ఎగిరిపడుతుంటే నాకు ఇంకా భయం. చెయ్యి గట్టిగ పట్టుకొని పక్కన కూసోవెట్టుకున్న.

ఆడ దవఖానల నన్నే మంచం మీద పండవెట్టిన్రు! నర్సుపిల్ల వైర్లు తెచ్చేసరికి "మేరేకో నహీ బేటీ, ఉన్‌కో" అని, నాకు కాదు ఆయనకని, హిందీల చెవుల జెప్పిన. ఆ పిల్ల ఆయన చెమట చూసి డాక్టర్‌ను పిల్చింది. డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పిండు మీ తాతకు. "అంకుల్, ఆంటీ బాగనే ఉన్నది, చూడాల్సింది మిమ్మల్ని" అని. నేను కండ్లు మూసుకున్న, ఇగ పడుతయి నాకు తిట్లు అని. తిట్లేడివి! నన్ను ఒక్కపారి చూసి, అంగీ విప్పిండు.

ఈసీజీ గీతలు బాగనే వచ్చినయి గని డాక్టరు ఇడిచిపెట్టలే. నెత్తురు పరీక్ష, కొన్ని గంటలాగి మళ్లొకటి. ఛాతికి సల్లటి జెల్ రాసి మిషిన్ తిప్పితే టీవీల గుండె కనవడ్డది బిడ్డా! దబదబ కొట్టుకుంటున్నది. నేనైతే దండం పెట్టిన. ఆఖరుకు గుండ్రటి మిషిన్‌ల పండవెట్టి ఫొటోలు తీసిన్రు. కొయ్యలే, గుండెలకు తీగ పంపలే. ఒక నరం జర సన్నవడ్డదట, గోళీలు చాలన్నడు. నాకు నవ్వు, ఏడ్పు రెండూ ఒక్కపారే.

బయటికొచ్చినంక మెల్లగ అడిగిన, "కోపమొచ్చిందా?" అని. ఏమన్నడో ఎరుకనా? "నువ్వు కూలవడ్డప్పుడు నా నొప్పి నాకు యాదికి లేదే. నీకేం లేదని తెలిసినంక, కోస్తమన్నా సరే అనుకున్న."

నవ్వుతవేందే? నీకు గూడ గసొంటోడే దొరకాలె, సల్లగ బతకాలె. జర తక్కువ మొండోడైతే ఇంకా మంచిది.