మూడో అంకంలో చింపే ఉత్తరం

లండన్, విక్టోరియా రాణి రోజులు. పేరుమోసిన నటుడు క్రిస్పిన్ హాలోవెల్ తన నాటకశాలలో మొహానికి రంగు పూసుకునే గది. తెర లేవడానికి ఇంకా కాస్త సమయం ఉంది.

"చింపారు! నా రెండు కళ్ళతో చూశాను. మా అమ్మ ఉత్తరాన్ని పేలికలు చేసి గాల్లోకి ఎగరేశారు. జనమేమో ఒకటే చప్పట్లు!"

"మెల్లగా, హెస్టర్. పక్క గదిలో నటులున్నారు."

"విననీ! హాలోవెల్ గారి కన్నకూతురు పై గ్యాలరీలో, నారింజ తొక్కల మధ్య కూర్చుని తండ్రిని చూసిందని అందర్నీ విననీ!"

"గ్యాలరీలోనా? ఒక్క కబురు పెడితే దొరలు కూర్చునే బాక్సు ఇప్పించేవాణ్ణి కదమ్మా."

"కబురా! కబుర్లు పెట్టీ పెట్టీ అమ్మ వేళ్ళు పడిపోయాయి. మీకు లండన్‌లో పేరొచ్చింది, ఆవిడ ఛాతమ్‌లో మిగిలిపోయింది. సరే, అదీ భరించింది. కానీ జవాబు? ఒక్కదానికైనా జవాబు రాశారా?"

"నాకు అందితే కదా రాయడానికి!"

"మరి నిన్న చింపిందేమిటి?"

"అది నాటకంలో ఉత్తరం! మూడో అంకంలో నౌకరు పళ్ళెంలో పెట్టి తెస్తాడు. భార్య చావుబతుకుల్లో ఉందని అందులో ఉంటుంది. నేను విప్పుతాను, చదువుతాను, ఏడుస్తాను, చింపుతాను. ఏడాదిగా ఇదే పని. అది ఉత్త సామాను అమ్మాయ్, అట్ట కిరీటం లాంటిది."

"అట్ట కిరీటానికి మా అమ్మ కాగితం ఎక్కడిదండీ? గౌన్ల కొలతలు గీసి కత్తిరించుకునే గోధుమరంగు కాగితం అది. మీ నాటకాల కంపెనీలో బట్టలు కుట్టిన రోజుల్నుంచీ అమ్మ ఆ ముక్కల వెనకే రాస్తుంది. ఇంకెవరు రాస్తారు అలా? మీకు తెలీదూ?"

"గోధుమరంగా? నేను... చూళ్ళేదు. ఆ దీపాల వెలుగులో అన్నీ ఒకలాగే ఉంటాయి."

"చూళ్ళేదు! నా పక్కన చేపలమ్మే ఆవిడ కూర్చుంది. మీ నాటకం ఎన్నిసార్లు చూసిందో ఆవిడకే తెలీదట. 'నీ అదృష్టం బాగుందే పిల్లా, కొన్నిరోజులు ఊరికే మొహం కప్పుకుంటాడు, ఇవాళ నిజంగా ఏడ్చాడు' అంది. నా అదృష్టం!"

"పెగ్లర్! ఒరేయ్ పెగ్లర్! ఎక్కడ చచ్చాడు వీడు!"

"వచ్చానయ్యా. కత్తి పిడి ఊడితే బిగిస్తున్నా."

"ఈవిడ మా అమ్మాయి. స్టేజి సామాను చూసేది నువ్వా, నేనా?"

"నేనేనయ్యా."

"అయితే మూడో అంకం ఉత్తరం ఎక్కణ్ణుంచి తెస్తున్నావో చెప్పు."

"ఉత్తరమా అయ్యా? అదీ..."

"నీళ్ళు నమలకు!"

"రోజుకొకటి చింపుతారు కదయ్యా. మీకొచ్చే ఉత్తరాలు బుట్టనిండా ఉంటాయి, విప్పకుండానే పడుంటాయి. పైన బిళ్ళ, టపా ముద్ర అన్నీ ఉంటాయి కాబట్టి ముందు వరస వాళ్ళకి కూడా నిజం ఉత్తరంలా కనిపిస్తుంది. అందుకని ఏది చేతికొస్తే అది..."

"చేతికొస్తేనా! ముసలాయనా, అందులో మనుషులుంటారు! రక్తం కక్కుతూ రాసింది మా అమ్మ!"

"తప్పయిపోయింది అమ్మాయిగారూ."

"ఏం తప్పు! మేం కిటికీ దగ్గర కూర్చుని టపా మనిషి కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తుంటే, నువ్విక్కడ వాటిని చిత్తుకాగితాలు చేశావు. నీకు చేతులెలా వచ్చాయయ్యా?"

"విన్నావా పెగ్లర్? నా పెళ్ళాం ఉత్తరాల్ని నా చేతే చింపించావు! ఇన్నేళ్ళు నా తిండి తిని! శనివారం తర్వాత నీ మొహం నాకు చూపించకు."

"అలాగేనయ్యా."

"అలాగేనట! ఎదురు మాటైనా లేదు దొంగవెధవకి!"

"ఏమనమంటారయ్యా. మీరెలా అంటే అలాగే."

"నాన్నా, నిజం చెప్పండి. మీకేదీ అందలేదా?"

"ఈ గదిలో మీ అమ్మ ఉత్తరం ఒక్కటి విప్పి ఉంటే నా ఈ చేతులు పడిపోవాలి."

"రాత్రి ఆఖరి రైల్లో ఇంటికెళ్తే అమ్మ అదే అంది. 'మీ నాన్నకి అంది ఉండదే, అందితే ఆగే మనిషి కాదు' అని. నేనే మిమ్మల్ని రాతిగుండె అని తిట్టిపోశాను."

"తిట్టు తల్లీ. ఎలా ఉంది మీ అమ్మ, నా డోర్కాస్?"

"ఎలా ఉంటుంది! డాక్టరు పెదవి విరిచేశాడు. ఇవాళో రేపో. మిమ్మల్ని ఒక్కసారి చూడాలంటోంది. పదండి."

"వస్తాను. నాటకం అవగానే."

"అవగానే కాదు, ఇప్పుడే! ఒక్కరోజు మీ వేషం ఇంకొకడు వేస్తే కొంపలంటుకోవు!"

"హాలు నిండిపోయింది హెస్టర్! బాక్సులో డ్యూక్‌గారున్నారు!"

"డ్యూక్‌గారు రేపూ ఉంటాడు! అమ్మ ఉండదు!"

"అరవకు. వెనక గుమ్మం దగ్గర బండి పెట్టిస్తాను. తెర పడగానే రంగు కూడా కడుక్కోకుండా ఎక్కేస్తాను. ఆఖరి రైలు అందుతుంది. సరేనా?"

"కడుక్కోకుండానే?"

"కడుక్కోకుండానే."

"మాట తప్పితే ఈ జన్మలో మీ మొహం చూడను. సరే, ఇది తీసుకోండి. అమ్మ పొద్దున రాసింది. దిండుకి ఆనుకుని, ముక్క ముక్కకీ ఆయాసపడుతూ. నన్ను కూడా చూడనివ్వలేదు, తనే అంటించింది. ఇది బుట్టలో పడకూడదనే చేతికి ఇస్తున్నాను."

"ఇలా ఇవ్వు."

"విప్పండి. విప్పరేం? నాన్నా, పెగ్లర్‌కి ఎందుకిస్తున్నారు?"

"నువ్వు వెళ్ళి బండిలో కూర్చో తల్లీ. పెగ్లర్, ఆవిడ మిగతా ఉత్తరాల్లాగే దీన్నీ మూడో అంకంలో పళ్ళెంలో పెట్టు. విప్పకు. ముందే చదివేస్తే, అక్కడ నాకు ఏడుపు రాదు."