వరసలో డబ్బా

హలో… ఫోర్తునాతా అక్కా? ఆ, నేనే, నేలిదాని. కొండ మీంచి… వినిపిస్తోందా? ఆగు, నీళ్ళ పీపాల వెనక్కి వస్తా. ఇక్కడందరూ ఒకేసారి మాట్లాడతారు.

…ఇప్పుడో?

దగ్గెలా ఉంది?… మందులు మింగుతున్నావా, మీ అమ్మాయి చూడనప్పుడు కిటికీలోంచి విసిరేస్తున్నావా?… నాకు తెలీదా నీ సంగతి.

లేదు… ఊరికే చేయలేదు.

అక్కా, కూర్చుని ఉన్నావా?

సతుర్నినా అవ్వ పోయింది.

…

నిన్న పాతిపెట్టాం… తిట్టు. పడతాను. నీకు చెప్పొద్దని అన్నది నేనే. ఆ ఊపిరితిత్తులతో ఇన్ని మెట్లూ ఎక్కి వచ్చేదానివి. తర్వాత నీ శవపెట్టె కూడా మేమే మోయాలి.

…ఏడువు. నేనున్నా ఫోన్లో.

…

అవ్వని కొండ కిందికి దించడమా? మేం నలుగురు ఆడవాళ్ళం సరిపోయాం. బరువేం లేదు… అదే చెప్పబోతున్నా. డాక్టరమ్మ జబ్బు కాదంది. చాలా రోజులుగా కడుపులో తిండి లేదంది.

అదే… నేనూ అదే అన్నా! రోజూ పొద్దున అందరం కలిసి వండే ఉమ్మడి కుండ దగ్గర అందరి డబ్బాలతో పాటు ఆవిడదీ వరసలో ఉండేది. మూత మీద పేరు. నా చేత్తో నింపాను అక్కా. అడుగు నుంచి తోడి, బంగాళదుంప ముక్కలు పడేట్టు.

ఎవరు పెట్టేవాళ్ళా? అవ్వ పక్కింటి రుపెర్తా… ఆ, కొత్తగా వచ్చినామె, ముగ్గురు పిల్లలు. తెల్లారకముందే మార్కెట్ ఊడవడానికి దిగుతూ అవ్వ డబ్బా వరసలో పెట్టి పోయేది. మధ్యాహ్నం ఆమె పెద్దకూతురు పైకి పట్టుకెళ్ళేది.

ఆ పట్టుకెళ్ళింది… అవ్వ ఆ పిల్లలకే పెట్టేసేదట.

…

ఎవరో చెప్పింది కాదు. రుపెర్తానే చెప్పింది, అవ్వ పెట్టె పక్కన నిలబడి, అందరి ముందూ. "వద్దన్నాను. నేను తిన్నాలే అనేది అవ్వ. తర్వాత్తర్వాత అడగడం మానేశాను" అంది.

ఇంక మనతో వండే బెనిగ్నా ఊరుకుంటుందా? "ముసలిదాన్ని మింగావు కదే" అనేసింది… ఆ, పిల్లలు వింటుండగానే.

లేదక్కా, రుపెర్తాకి సొంత డబ్బా ఎక్కడిది? వంట వంతు చేయనివాళ్ళకి వరసలో డబ్బా లేదుగా… నువ్వు పెట్టిన కట్టుబాటే… తప్పని నేనన్నానా? అది లేకపోతే గరిటె పట్టేవాళ్ళుండరు, గిన్నె పట్టేవాళ్ళే ఉంటారు. కానీ మనం పొయ్యి వెలిగించే వేళకి ఆమె చీపురు పట్టుకుని ఉంటుంది కదా.

అడిగింది. సాయంత్రం వచ్చి కుండలు తోముతా, దాన్నే వంతు కింద వేసుకోండి అంది. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. అక్క వచ్చాక చూద్దాం అన్నాం.

…మేమా? పైకి ఎవరం పోలేదు. డబ్బా వచ్చిందంటే మనిషి బాగున్నట్టే అనుకున్నాం. కడిగిన డబ్బా, ఖాళీ డబ్బా. ఎవరికి అనుమానమొస్తుంది?

ఇప్పుడు అందరూ ఒకటే మాట. రుపెర్తా నీడ కూడా కుండ మీద పడకూడదంటున్నారు. అవ్వ డబ్బా ఎలాగూ లేదు. ఆ పిల్లలు ఏం తింటున్నారో, మరియమ్మ తల్లికే తెలియాలి. అందుకే చేశా అక్కా. ఫోన్ స్పీకర్లో పెడతా, నువ్వొక్క మాట చెప్పు. నీ మాటంటే వింటారు.

…నేనా? నా మాట మా ఇంటి కుక్క కూడా వినదు. గరిటె ఇచ్చి పోయావు గానీ నీ గొంతు ఇచ్చి పోయావా?

…

సరే. సరే, అరవకు, దగ్గొస్తుంది. లైన్లోనే ఉండు.

బెనిగ్నా! అలమరలోంచి నాలుగు డబ్బాలు తీసి వరసలో పెట్టు. రుపెర్తాకి… ఆ, సరిగ్గానే విన్నావు. రుపెర్తాకి, పిల్లలకి… కాదు, ఫోర్తునాతా అక్క చెప్పలేదు. నేను చెబుతున్నా… నీకు తక్కువైతే నా గిన్నెలోది పోసుకో!

…పెడుతోంది అక్కా. గొణుక్కుంటూనే పెడుతోంది. ఎవర్నన్నా పైకి పంపి పిలిపించమంటా.

ఏంటి బెనిగ్నా?… ఎప్పుడు?

అక్కా, వెళ్ళిపోయారట. ఇందాకే, దుప్పట్లు మూటగట్టుకుని. బెనిగ్నా చూసి కూడా ఊరుకుంది… దాని సంగతి తర్వాత. మీ అమ్మాయి ఇల్లు కింద బస్సులు ఆగే చోటేగా, కిటికీలోంచి చూడు! ఇంత పెద్ద లీమా పట్నంలో పడిపోతే మళ్ళీ దొరకరు… ముగ్గురు పిల్లలు, ఆకుపచ్చ శాలువా… ఉన్నారా?

నువ్వు దిగకు, మీ అమ్మాయిని పంపు… అయ్యో, చెప్పులన్నా వేసుకో!

…

దొరికారా? ఫోన్ రుపెర్తాకివ్వు. చెవి దగ్గర పెట్టు.

రుపెర్తా? నేను, నేలిదాని… రుపెర్తా, వింటున్నావా?

మీకు నాలుగు డబ్బాలు పెట్టించాను. సాయంత్రం కుండలు తోముతానన్నావుగా, అదే నీ వంతు. బెనిగ్నా ఏమీ అనదు. అంటే నేను చూసుకుంటా.

…

ఏదన్నా మాట్లాడు. తిట్టు పోనీ.

…

పిల్లలు పొద్దున ఏమన్నా తిన్నారా?

…

ఆ చప్పుడు బస్సుదా? రుపెర్తా, ఎక్కకు. ఇదిగో, పప్పు ఉడికింది, దించబోతున్నాం… రుపెర్తా!

…అక్కా? నువ్వా?

ఎక్కేసిందా.

…పిల్లలు కూడానా.

…

ఏదన్నా అందా?

దగ్గకు అక్కా. ఆ గట్టు మీద కూర్చో, మీ అమ్మాయి వచ్చి తీసుకెళుతుంది… వాళ్ళ డబ్బాలా?

నింపేసింది అక్కా బెనిగ్నా. మూతలు కూడా పెట్టేసింది.

…ఉంటా. అందరూ నావైపే చూస్తున్నారు.